జామచెట్టు మీద కందిరీగలు: మొదటి కన్నం ఎవరు పెట్టారో ముందు చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివానమ్మా. మంగళగిరి దగ్గర సొంతిల్లు, పెరట్లో రెండు జామచెట్లు, ఒక అంజూర, గోడ పక్కన ద్రాక్ష పందిరి. కాయలు రంగు తిరిగే వేళకి కందిరీగలు గుంపులుగా దిగుతున్నాయి. పోయిన వారం ఆరేళ్ల బాబు అరికాల్లో కుట్టింది. ఇంట్లోవాళ్లు చెట్లే కొట్టించేద్దాం అంటున్నారు. మందు కొట్టాలా, పొగ పెట్టాలా అని మీరు అడిగారు.

రెండూ వద్దు. చెట్లు కొట్టించడం అసలే వద్దు.

మాది నల్గొండ వైపు. నాన్నది బత్తాయి తోట. రిటైరయ్యాక నేను ఊరి ఇంటి పెరట్లో జామ, సపోటా, సీతాఫలం, దానిమ్మ, అంజూర అన్నీ ఒక్కో చెట్టు పెట్టుకున్నాను. కందిరీగలతో నా సావాసం ముప్పై ఏళ్లది. ఎన్నిసార్లు కుట్టించుకున్నానో లెక్క ఎప్పుడో వదిలేశాను. ఇంతకాలానికి నాకు అర్థమైంది ఒక్కటే. పండు మీద కందిరీగ కనపడిందంటే, అంతకు ముందే ఆ పండుకి ఎవరో కన్నం పెట్టారన్నమాట. మనం ఆ మొదటివాణ్ణి వదిలేసి, ఎంగిలి తినడానికి వచ్చినదాన్ని పట్టుకుని కొడుతుంటాం.

నమ్మకం కుదరకపోతే నేను చేసిన పనే చేయండి. ఒక శ్రావణమాసంలో పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని జామచెట్టు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. చేతికందే ఎత్తులో పదకొండు పండ్లున్నాయి. ఎండ పడేసరికి కందిరీగలు వచ్చాయి, కానీ వాలింది నాలుగింటి మీదే. మిగతా ఏడింటి దగ్గరికి వస్తాయి, ఒక చుట్టు తిరుగుతాయి, పోతాయి. ఆ నాలుగూ కోసి చూశాను. రెండింటికి ఉడుత పళ్ల గాట్లు. ఒకదానికి పిగిలిపిట్ట ముక్కుతో పొడిచిన గుంట. నాలుగోదానికి పైకి ఏమీ లేదు, తొడిమ దగ్గర బొటనవేలంత మేర మాత్రం మెత్తగా ఉంది. నొక్కితే తోలు చిట్లి నీరు కారింది. లోపల బియ్యపు గింజల్లాంటి తెల్లటి పురుగులు. అది పండు ఈగ పని.

కందిరీగకి ఆ సన్నని నడుము ఉంది చూడండి, దానిలోంచి గట్టి ఆహారం దిగదు. ఎదిగిన కందిరీగ బతికేదంతా పూలతేనె, పండ్లరసం లాంటి తీపి ద్రవాల మీదే. అది పట్టుకునే గొంగళి పురుగులు తన కోసం కాదు, నమిలి ముద్ద చేసి గూట్లో పిల్లలకి పెట్టడానికి. మీ వంకాయ, బెండ మొక్కల మీద పురుగు తక్కువగా ఉంటే అందులో వీటి కూలి కూడా ఉంది. కల్లు కుండల చుట్టూ, బెల్లం వండే చోట ముసిరేది కూడా తీపి కోసమే. కాబట్టి గట్టిగా, దోరగా ఉన్న జామకాయని కొరికి తెరిచే శ్రమ అది సాధారణంగా పడదు. తెరిచిన తలుపు దొరికితే చాలు.

సాధారణంగా అన్నాను, గమనించండి. మీ పెరట్లోనే రెండు మినహాయింపులు ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెప్తాను.

ముందు జామ. కోస్తాలో వానాకాలం జామ అంటే పండు ఈగకి పండగ. ఆడ ఈగ కాయ తోలు కింద గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో పురుగులు పుట్టి ఒక వారం లోపల గుజ్జు తింటాయి. పండు రాలాక బయటికొచ్చి, నేలలో రెండు మూడు అంగుళాల లోతున కోశస్థ దశకి, అంటే పురుగు ఈగగా మారే దశకి వెళ్తాయి. మళ్లీ ఈగలై లేస్తాయి. రాలిన పండ్లని చెట్టు కిందే వదిలేస్తున్నారంటే పండు ఈగని మీరే పెంచుతున్నట్టు, కందిరీగలకి భోజనం కూడా మీరే వడ్డిస్తున్నట్టు. బాబుని కుట్టింది అరికాల్లో అన్నారు కదా, కొమ్మ మీది కందిరీగ అరికాల్లో కుట్టదు. రాలిన పండులో తల దూర్చి తాగుతున్నదాని మీద వాడు కాలేసి ఉంటాడు.

అందుకని ఈ రోజు నుంచే రోజుకి రెండు పూటలా రాలిన పండ్లు ఏరండి. చెయ్యి పెట్టకుండా పటకారుతోనో చిన్న పారతోనో ఎత్తండి. ఎరువు గుంటలో పైపైన పడేయొద్దు, పక్కింటి గోడ అవతలికి విసరొద్దు. మందపాటి నల్ల ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించి మూడు నాలుగు రోజులు ఎండలో పెడితే లోపలి పురుగులు ఉడికి చస్తాయి. లేదంటే రెండడుగుల లోతున పూడ్చండి. చెట్టు పాదులో మట్టిని అప్పుడప్పుడు పైపైన తిరగేస్తే కోశాలు బయటపడతాయి, మిగతా పని కోళ్లో మైనాలో చూసుకుంటాయి. ఈ ఒక్క పనితోనే మా ఇంట్లో కందిరీగల రాక బాగా తగ్గింది. డబ్బు ఖర్చు లేదు, కాకపోతే రోజూ చేయాలి. మనకి కష్టమైంది ఆ "రోజూ" అన్నదే.

పండు ఈగని వాసనతో లాగే మిథైల్ యూజినాల్ ఎరలు పురుగుమందుల షాపుల్లో దొరుకుతాయి. చిన్న చెక్క బిళ్లని మందులో నానబెట్టి డబ్బాలో పెట్టి అమ్ముతారు. రెండు చెట్లకి ఒకటి చాలు, నాలుగైదు అడుగుల ఎత్తులో కట్టండి. తులసిలో కూడా ఈ పదార్థం ఉంటుంది. నలిపిన తులసి ఆకు డబ్బాలో వేసి కట్టే రైతులు ఉన్నారు, అయితే ఆకు వాడిపోగానే ఘాటు పోతుంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈ ఎరకి వచ్చేవి మగ ఈగలే. అప్పటికే జత కట్టిన ఆడది గుడ్లు పెట్టడం ఆపదు. డబ్బా నిండా చచ్చిన ఈగలు చూసి పని అయిపోయిందనుకుని పండ్లు ఏరడం మానేసినవాళ్లని చాలామందిని చూశాను.

ఆడదాన్ని ఆపేది కవరే. కాయ నిమ్మకాయంత అయినప్పుడు నాన్ వోవెన్ గుడ్డ సంచి తొడిగి, కాడ దగ్గర బిగించి కట్టాలి. వదులుగా కడితే చీమలు పిండినల్లిని, అంటే తెల్లటి పిండిలా అంటుకుని రసం పీల్చే పురుగుని, మోసుకొచ్చి లోపల కాపురం పెట్టిస్తాయి. తొడిగే ముందు కాయని ఒకసారి తడిగుడ్డతో తుడవండి. ప్లాస్టిక్ కవరైతే కింద మూలలు కత్తిరించకపోతే నీరు పట్టి కుళ్లుతుంది. వార్తాపత్రిక కాగితం ఒక్క గట్టి వానకి పోతుంది. చెట్టుకి రెండు వందల కాయలుంటే అన్నింటికీ ఎక్కడ తొడుగుతామంటారు మా ఆవిడ. అన్నింటికీ వద్దు. అందే ఎత్తులో మంచివి నలభై ఎంచి తొడగండి, పై కొమ్మల్లోవి పిట్టలకి, ఉడుతలకి వదిలేయండి.

ఇంకో కిటుకు ఉంది. ఎండాకాలంలో జామకి నీళ్లు తగ్గించి, ఏప్రిల్, మే నెలల్లో వచ్చే పూతని రాల్చేసి, కొమ్మల చివర్లు కత్తిరిస్తే కాపు చలికాలానికి జరుగుతుంది. చలికాలం జామకి ఈగ బెడద తక్కువ, రుచి ఎక్కువ. ఒక సీజన్ పండ్లు వదులుకోవాల్సి వస్తుంది, నా దృష్టిలో అది నష్టం కాదు.

కోత కూడా చూసుకోండి. జామ ముదురు ఆకుపచ్చ పోయి లేత పసుపు తిరుగుతుండగానే, ఇంకా గట్టిగా ఉండగానే కోసేస్తే ఇంట్లో రెండు రోజుల్లో పండుతుంది. సీతాఫలానికి కళ్లు విచ్చుకుని సందుల్లో తెల్లబడగానే కోయాలి, చెట్టు మీదే పగిలేదాకా ఉంచితే ఊళ్లో కందిరీగలన్నీ అక్కడే ఉంటాయి. కోసే పని తెల్లవారుజామున పెట్టుకోండి. చల్లగా ఉన్నంతసేపు అవి గూడు వదలవు.

ఇప్పుడు ఆ మినహాయింపులు. అంజూర పండుకి కింద ఒక కన్ను ఉంటుంది. పండు మాగే కొద్దీ ఆ కన్ను తెరుచుకుంటుంది. ఎవరూ కన్నం పెట్టనక్కర్లేదు, చెట్టే తలుపు తీసి పెడుతుంది. అంజూర మెడ వంచి కిందికి వాలిన రోజే కోసేయాలి, మర్నాటికి ఆలస్యమే. వాలడానికి వారం ముందు కవరు తొడిగితే ఇంకా మంచిది. అన్నట్టు, అంజూరలో చచ్చిన కందిరీగ ఉంటుందట, తినొచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. మన మేడిపండు పొట్టలో కనపడేవి నిజంగానే అతి చిన్న కందిరీగ జాతి పురుగులు, అవి లేకపోతే మేడికి విత్తనం కట్టదు. మన తోటల్లో పెంచే అంజూరకి మాత్రం ఆ పురుగుతో పని లేదు, పరాగ సంపర్కం లేకుండానే పండుతుంది. నిశ్చింతగా తినండి.

రెండోది ద్రాక్ష. దీని తోలు పలచన. పెద్ద జాతి కందిరీగలు, అంటే నల్లటి ఒంటి మీద పొట్టకి అడ్డంగా ఒకే పసుపు పట్టీ ఉండేది, ఎర్రటి గోధుమరంగులో ఉండి ముఖం, పొట్ట మీద పసుపు ఉండేది, వీటి దవడలకి ద్రాక్ష ఒక లెక్క కాదు. నేరుగా కొరికి తాగుతాయి. ఇక్కడ నా మొదటి కన్నం సిద్ధాంతం పనిచేయదు. మొత్తం గుత్తికి దోమతెర గుడ్డ సంచి కట్టడమే మార్గం. గుత్తిలో పగిలిన పండ్లు ఉంటే కట్టే ముందు కత్తెరతో తీసేయండి. నీళ్లు కూడా సమంగా పెట్టండి. పది రోజులు ఎండగట్టి ఒకేసారి పైపు వదిలేస్తే ద్రాక్ష, దానిమ్మ రెండూ పగులుతాయి. పగిలితే మళ్లీ కథ మొదటికి.

బత్తాయి, నిమ్మ, దానిమ్మ ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. నాన్న ఏళ్ల తరబడి కందిరీగలని తిట్టేవాడు. పండు మీద సూదితో పొడిచినట్టు చుక్క, చుట్టూ గోధుమరంగు, రెండు రోజుల్లో రాలడం. ఒక రాత్రి తొమ్మిదింటికి మోటారు ఆపడానికి వెళ్లి టార్చి తోట మీదికి తిప్పాను. బత్తాయిల మీద జంటజంటలుగా నిప్పుకణికల్లాంటి కళ్లు మెరిశాయి. రసం పీల్చే రెక్కల పురుగు, అరచేతిలో సగం ఉంటుంది, గట్టి తొండంతో తోలు పొడిచి రాత్రంతా తాగి తెల్లారేసరికి మాయమవుతుంది. పొద్దున ఆ చిల్లు దగ్గరికి కందిరీగ వస్తుంది, తిట్లు అది తింటుంది. ఈ రెక్కల పురుగు పిల్లలు పెరిగేది పండ్ల మీద కాదు, తిప్పతీగ, దూసరతీగ ఆకుల మీద. కరోనా తర్వాత ఆరోగ్యానికి మంచిదని ప్రతి కంచె మీదా తిప్పతీగ పాకించారు చూశారా, పక్కనే బత్తాయో దానిమ్మో ఉంటే ఆ ఆకులు తిరగేసి పురుగులు ఏరుతుండండి, లేదా తీగని తీసేయండి.

నీళ్ల సంగతి. ఎండాకాలంలో కందిరీగలు గూటిని చల్లబరచడానికి నీళ్లు మోస్తాయి. కారే కుళాయి, బకెట్టు, కుక్కకి పెట్టిన గిన్నె, అన్నీ వాటికి రేవులే. పిల్లలు ఆడేచోట కారుతున్న కుళాయి ఉంటే వాషరు మార్పించండి. పెరటి చివర ఒక మట్టి మూకుడులో రాళ్లేసి నీళ్లు పెడితే అటే అలవాటు పడతాయి.

సీసా ఉచ్చు గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. లీటరు సీసా పై భాగం కోసి తలకిందులుగా గరాటులా దించండి. లోపల బెల్లం నీళ్లు, రెండు చెంచాల వెనిగర్, గిన్నెలు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు. వెనిగర్ వాసనకి తేనెటీగలు దూరంగా ఉంటాయి, అందుకే అది తప్పనిసరి. తేనె ఎప్పుడూ వాడొద్దు. పులిసిన కల్లు దొరికితే అంతకన్నా మంచి ఎర లేదు. అయితే దాన్ని చెట్టుకే కట్టొద్దు, ఇరవై ముప్పై అడుగుల దూరంలో, పిల్లలు తిరగనిచోట పెట్టండి. చెట్టుకి కడితే లేనివాటిని కూడా పిలిచినట్టే. నిజం చెప్పాలంటే ఉచ్చు నాకు పెద్దగా ఇష్టం లేదు. కొన్ని చస్తాయి, గూడు అలాగే ఉంటుంది.

ఖాకీ కాగితం సంచి ఉబ్బించి వేలాడదీస్తే వేరే గూడనుకుని పారిపోతాయని వీడియోల్లో చూపిస్తారు. నేనూ వేలాడదీశాను. మూడో వారం దానికి జానెడు దూరంలో, అదే సజ్జ కింద కొత్త గూడు మొదలైంది. నాఫ్తలీన్ ఉండలు చెట్టుకి కట్టడం ఇంకా చెడ్డపని, పండుకి ఆ వాసన పడుతుంది, చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. ఇంకో సంగతి, విదేశీ వీడియోల్లో "చలికాలం దాకా ఓపిక పట్టండి, మంచుకి గూడంతా చస్తుంది" అంటారు. అది అక్కడి మాట. మన దక్షిణాదిలో సజ్జల కింద కనపడే సన్నజాతి కాగితపు కందిరీగల గూళ్లు ఏడాది పొడవునా నడుస్తాయి. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్కర్ గారు దశాబ్దాలుగా పరిశోధించింది వీటిలో ఒక జాతినే, రోపాలిడియా మార్జినేటా. రాణి పోతే కూలీల్లోంచే ఇంకొకటి రాణి అవుతుంది, సంసారం సాగుతూనే ఉంటుంది. సంక్రాంతి చలికి అవి చస్తాయని కాచుకుని కూర్చోకండి.

గూటి విషయంలో తొందర వద్దు. ముందు అది ఏమిటో చూడండి. గోడకి అంటిన మట్టి గూడైతే ముట్టుకోనక్కర్లేదు, ఆ కందిరీగ ఒంటరిది, కుట్టడానికి రాదు. అలాంటి గూడు కడితే ఇంట్లో శుభవార్త వింటామని మా అమ్మమ్మ దాన్ని చీపురు కూడా తగలనిచ్చేది కాదు. గొడుగులా తెరిచి ఉండి గళ్లు బయటికి కనపడేది కాగితపు గూడు. మనిషి నడవని ఎత్తులో ఉంటే వదిలేయండి, మీ కూరగాయల మడికి అదే కాపలా. ఒకటీ రెండూ కందిరీగలతో నాణెమంత సైజులో ఇప్పుడే మొదలుపెట్టినదైతే, చీకటి పడ్డాక పొడుగు కర్రతో పడగొట్టి పక్కకి తప్పుకోవచ్చు. కొమ్మకి బుట్టలా మూసుకుని ఉన్నదైనా, చెట్టు తొర్రలోంచో నేల కన్నంలోంచో పెద్దవి వచ్చిపోతున్నా, అది మీ పని కాదు, నా పని కూడా కాదు. పెస్ట్ కంట్రోల్ వాళ్లని పిలవండి. అర్ధచంద్రంలా కొమ్మకి వేలాడేది పెద్ద తేనెటీగల పట్టు, దాన్ని కందిరీగలనుకుని కదిలించొద్దు.

మంట మాత్రం పెట్టొద్దు. మా వీధిలోనే ఒకాయన వెదురు చివర కిరసనాయిలు గుడ్డ చుట్టి మామిడి మీది గూటికి అంటించబోయాడు. నిచ్చెన మీద ఉండగానే నాలుగు కుట్టాయి, కిందపడి మెడ కింది ఎముక విరిగింది. మామిడి కొమ్మ ఒక పక్క మాడిపోయి ఇప్పటికీ ఎండే ఉంది. గూడు దగ్గర ఒక్కదాన్ని నలిపినా ఆ వాసనకి మిగతావి రెచ్చిపోయి మీదికొస్తాయి, ముఖ్యంగా పెద్ద జాతివి.

మందు ఎందుకు వద్దన్నానంటే, పండే దశలో కొడితే అదే మందు నాలుగు రోజుల్లో బాబు నోట్లోకి పోతుంది. పూత మీద కొడితే తేనెటీగలు పోతాయి. పైగా కందిరీగ జాతి మొత్తాన్ని శత్రువనుకోకూడదు. పంట పురుగుల గుడ్లని నాశనం చేయడానికి వ్యవసాయశాఖ వాళ్లు చేలో కట్టమని ఇచ్చే ట్రైకోగ్రామా కార్డులో ఉండేవి కంటికి ఆనని కందిరీగలే. 2010లో బొప్పాయి పిండినల్లిని అణచడానికి ప్యూర్టోరికో నుంచి తెప్పించి వదిలింది కూడా ఒక బుల్లి కందిరీగనే.

ఇక కుడితే. కందిరీగ ముల్లు వదలదు, కాబట్టి ఎక్కడుందని గోళ్లతో గిల్లొద్దు. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. ఊళ్లో సున్నం రాస్తారు, ఇనుము రుద్దుతారు. పిల్లల లేత చర్మం మీద సున్నం వద్దు, పుండు పడుతుంది. కుట్టినచోట వాపు ఒకటి రెండు రోజులు ఉంటే కంగారు లేదు. కానీ కుట్టిన కాసేపట్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు, ముఖం వాపు, ఊపిరాడకపోవడం, వాంతులు, కళ్లు తిరగడం, వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం ఆపి 108కి ఫోన్ చేయండి. నోట్లోనో గొంతులోనో కుట్టినా అంతే. పెద్ద కందిరీగలు పదుల సంఖ్యలో కుడితే అప్పటికి బాగానే ఉన్నా ఆసుపత్రిలో చూపించాలి, ఆ విషం తర్వాత కిడ్నీల మీద పడొచ్చు. బాబుని ఒకసారి కుట్టింది కాబట్టి ఆ రోజు దద్దుర్లలాంటివి వచ్చాయేమో గుర్తుచేసుకుని డాక్టరు గారికి చెప్పి ఉంచండి. అప్పటిదాకా చెట్టు కిందికి చెప్పులు లేకుండా పంపొద్దు.

ఈ ఆదివారం పొద్దున్నే కుర్చీ వేసుకుని అరగంట కూర్చోండి. వాలిన పండ్లు కోసి, చిల్లు ఎలా ఉందో, లోపల పురుగు ఉందో లేదో చూసి ఫోటోలు పెట్టండి, ఎవరి పనో చెప్తాను. గూడు ఫోటో మాత్రం దూరం నుంచే, జూమ్ చేసి తీయండి.